ఐసీయూ తలుపు బయట ఇంటిల్లిపాదీ నిలబడడం ఎలా

మా అమ్మ ఐసీయూలో 23 రోజులు ఉంది. సూర్యాపేటలో న్యుమోనియా అన్నారు, హైదరాబాద్ చేరేసరికి అది సెప్సిస్ అయింది, అంటే ఇన్‌ఫెక్షన్ వల్ల ఒంట్లోని మిగతా అవయవాలూ దెబ్బతినడం మొదలైంది, ఆ రాత్రే వెంటిలేటర్ పెట్టారు. ఆ 23 రోజుల్లో మేము సరిగ్గా చేసినవి నాలుగైతే తప్పులు పది. రెండూ కలిపి రాస్తున్నాను. మీరు ఇప్పుడే ఏదో ఆసుపత్రి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఇది చదువుతూ ఉంటే, అంతా ఒకేసారి చదవక్కర్లేదు. ఈ పూటకి పనికొచ్చేది చూసుకుని ఫోన్ జేబులో పెట్టేయండి, చార్జింగ్ మిగలాలి.

నేను డాక్టర్‌ని కాను. ఇందులో వైద్యం గురించి ఉన్నదంతా డాక్టర్ని ఏం అడగాలో మీకు తెలియడం కోసమే.

మొదటి రాత్రి: పనులు పంచుకోండి

తలుపు మూసుకోగానే అందరూ ఆ తలుపు దగ్గరే నిలబడిపోతారు. మేమూ అంతే. నాన్న, అక్క, నేను, మేనమామ, పిన్ని, బాబాయి. ఆరుగురిలో ఒక్కరూ అన్నం తినలేదు, ఇంటికి తాళం వేశామా అని కూడా ఎవరికీ గుర్తులేదు. తెల్లారేసరికి ఆరుగురమూ ఒకేసారి అలిసిపోయాం. పొద్దున డాక్టర్ పిలిచి మాట్లాడితే, బయటికొచ్చాక ఆయన ఏమన్నారో ఆరుగురం ఆరు రకాలుగా చెప్పుకున్నాం.

అందుకే మొదటి గంటల్లోనే నాలుగు పనులకి నలుగురి పేర్లు అనుకోండి. డాక్టర్లతో మాట్లాడేవాళ్లు ఒకరు. డబ్బు, బిల్లులు, కార్డులు చూసేవాళ్లు ఒకరు. ఇల్లు, పిల్లలు, ముసలివాళ్ల మందులు చూసేవాళ్లు ఒకరు. రాత్రి హాల్లో ఉండేవాళ్లు ఒకరు, ఈ నాలుగో పని మాత్రం రోజూ మారాలి. మనుషులు తక్కువగా ఉంటే ఒకరే రెండు పనులు చేస్తారు, తప్పదు. కానీ ఏ పని ఎవరిదో అందరికీ తెలియాలి.

డాక్టర్‌తో మాట్లాడే మనిషిని వయసు చూసి పెట్టకండి. మా ఇంట్లో ఆచారం ప్రకారం మామయ్యే మాట్లాడాలి. ఆయనకి గొంతు పెద్దది, ఓపిక చిన్నది. చివరికి అక్కని పెట్టాం. తను బడిలో లెక్కలు చెబుతుంది. విన్నది విన్నట్టు వచ్చి చెప్పగలదు, ఒక మాట కలపదు, ఒక మాట తీసేయదు. మీ ఇంట్లో అలాంటి మనిషి ఎవరో మీకే తెలుసు. సంతకాలు, ఆఖరి నిర్ణయాలు మాత్రం నాన్నవే అని అనుకున్నాం. ఈ రెండూ వేరు వేరు అని ముందే ఒప్పుకుంటే సగం గొడవలు రావు.

అదే రాత్రి ఒక ఫైల్ తయారు చేయండి. ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య బీమా ఉంటే ఆ పాలసీ, పాత చీటీలు, పాత స్కాన్‌లు, రోజూ వేసుకునే మాత్రల అట్టలు. ఏ మందు పడదో తెలిస్తే అది పెద్ద అక్షరాలతో మొదటి పేజీ మీద రాయండి. ఒక పుస్తకం కూడా కావాలి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు చేతికందిందని నేను అమ్మ పాల లెక్కల పుస్తకం పట్టుకొచ్చాను. ముందు పది పేజీల్లో అరలీటరు, లీటరు, పండగ రోజు రెండు లీటర్లు అని అమ్మ రాత. ఆ తర్వాతి పేజీ నుంచి మేము మొదలుపెట్టాం. డాక్టర్ పేరు, సమయం, చెప్పిన మాట, కట్టిన డబ్బు అన్నీ అందులోనే.

డబ్బు: ఎకరం అమ్మే ముందు

మేము ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను.

చేర్పించేటప్పుడే, కౌంటర్ దగ్గర అడ్వాన్స్ కట్టకముందే, ఒక్క మాట అడగండి: ఈ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందా, మా కేసు అందులోకి వస్తుందా? మేము మొదట చేర్పించిన చోట మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు. నాలుగు రోజులకి 2 లక్షల 60 వేలు కట్టాక, పక్క కుర్చీలో కూర్చున్న ఖమ్మం ఆయన చెబితే తెలిసింది.

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని పరిమితి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పథకంలో ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఒక డెస్క్, దాని వెనక ఒక ఆరోగ్యమిత్ర ఉంటారు. నేరుగా వాళ్ల దగ్గరికి వెళ్లండి, రిసెప్షన్ వాళ్ల మాట మీద ఆగిపోకండి. అత్యవసర కేసుల్లో ముందు చేర్చుకుని ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి కూడా ఉంది. 70 ఏళ్లు దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వైద్యం 2024 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. మీ పెద్దవాళ్లకి ఆ కార్డు లేకపోతే దాని సంగతీ కనుక్కోండి.

సొంత బీమా ఉంటే చేరిన వెంటనే టీపీఏ డెస్క్‌లో (ఆసుపత్రిలో బీమా పనులు చూసే చోట) చెప్పండి. క్యాష్‌లెస్ (మనం కట్టకుండా బీమా కంపెనీయే నేరుగా కట్టడం) అడిగిన గంటలోపు బీమా కంపెనీ నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లో తేల్చాలని 2024లో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. ఆలస్యమైతే ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి. కేకలు వేసినదానికంటే ఇదే పనిచేసింది మాకు.

రెండూ లేకపోతే సీఎం రిలీఫ్ ఫండ్. ఖర్చయ్యాక అసలు బిల్లులతో దరఖాస్తు చేసుకోవడం ఒక దారి. నిమ్స్ లాంటి చోట వైద్యానికి ముందే ఎల్‌వోసీ (ఖర్చు ఫండ్ నుంచి కడతామని ఇచ్చే పత్రం) తెచ్చుకోవడం ఇంకో దారి. మీ ఎమ్మెల్యే ఆఫీసులో ఈ పని రోజూ చేసేవాళ్లు ఒకరుంటారు, వాళ్లని పట్టుకోండి. బిల్లు కాగితం ఒక్కటి కూడా పారేయకండి, జిరాక్స్‌లు చెల్లవు.

ఇంకో రెండు చిన్న సంగతులు. ఒకటి, రోజూ సాయంత్రం ఇప్పటిదాకా ఎంత అయిందో బిల్లు కాగితం మీద అడిగి తీసుకోండి. రెండోది, ఐసీయూ లోపలికి తెప్పించిన మందుల్లో వాడనివి ఫార్మసీకి తిరిగి ఇచ్చేయొచ్చు. మాకు పదమూడో రోజున గానీ ఇది తెలియలేదు. ఆ ఒక్క రోజే ఏడు వేలు వెనక్కి వచ్చాయి.

మొదటి రాత్రి ఎవరూ మూడు రూపాయల వడ్డీకి సంతకం పెట్టకండి, పొలం బేరం మాట్లాడకండి. ముందు డాక్టర్ని వచ్చే వారానికి సుమారు ఖర్చు ఎంతో అడగండి. భరించలేని అంకె చెబితే, ఉస్మానియా, గాంధీ, నిమ్స్, వైజాగ్ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో బెడ్ కోసం ఆ రోజే ప్రయత్నం మొదలుపెట్టండి. చేతిలో డబ్బు పూర్తిగా అయిపోయాక మారడం కంటే మొదట్లోనే మారడం నయం. అయితే వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని కదపడం ప్రమాదం. అవతల బెడ్ ఖాయమని తేలాలి, ఇక్కడి డాక్టర్ అక్కడి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాలి, వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్ రావాలి. ఈ మూడూ అయ్యాకే కదలండి. మేము అయిదో రోజు అలాగే మారాం.

డాక్టర్ని ఏం అడగాలి

"ఎలా ఉంది డాక్టర్ గారూ?" అని అడిగితే "క్రిటికల్‌గానే ఉందండీ" అంటారు. ఆయన తప్పేమీ లేదు, ప్రశ్నే అలాంటిది. అక్క నాలుగో రోజు నుంచి నాలుగు ప్రశ్నలే అడగడం మొదలుపెట్టింది.

ఒకటి, ఆక్సిజన్ ఎంత శాతం మీద నడుస్తోంది? మనం పీల్చే మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వెంటిలేటర్ అవసరాన్ని బట్టి 100 దాకా ఇస్తుంది. అమ్మకి మొదటి రోజు 90. ఆ అంకె తగ్గుతుంటే ఊపిరితిత్తులు కోలుకుంటున్నట్టు.

రెండు, బీపీ నిలబెట్టే మందు పెరిగిందా, తగ్గిందా? సెప్సిస్‌లో బీపీ పడిపోతుంది, సన్నటి పంపుతో మందు ఎక్కిస్తూనే ఉంటారు. లోపల దాన్ని నోరాడ్ అంటారు.

మూడు, మూత్రం ఎంత వస్తోంది? 60 కిలోల మనిషికి గంటకి కనీసం 30 మిల్లీలీటర్లు రావాలన్నది మోటు లెక్క.

నాలుగు, మత్తు తగ్గించినప్పుడు కళ్లు తెరుస్తోందా, చెప్పిన మాట వింటోందా?

ఈ నాలుగింటికీ జవాబులు పాల పుస్తకంలో గళ్లు గీసి రాసుకున్నాం. ఒక రోజు అంకెతో తెలిసేది తక్కువ. నిన్నటి పక్కన ఈరోజుది, దాని పక్కన రేపటిది పెడితే దారి కనపడుతుంది. ఇంకో జాగ్రత్త: లోపలికి పంపినప్పుడు మానిటర్ వైపే చూస్తూ ఉండిపోకండి. నాన్న పది నిమిషాలూ రక్తంలో ఆక్సిజన్ చూపే ఆ ఆకుపచ్చ అంకెనే చూసి బయటికి వచ్చేవారు. 94 ఉంటే అన్నం తినేవారు, 91 ఉంటే మానేసేవారు. అది నిమిషానికోసారి మారుతుంది, దాని మీద మన తిండి ఆధారపడకూడదు.

"48 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అనే మాట మీరు తప్పకుండా వింటారు. 48 గంటలు అవగానే ఫలితం చెబుతారని మేము గడియారం చూస్తూ కూర్చున్నాం. అప్పుడు మళ్లీ అదే మాట అన్నారు. తర్వాత అర్థమైంది. రక్తం కల్చర్‌కి పంపితే ఏ క్రిమి, దాని మీద ఏ మందు పనిచేస్తుంది అని తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఇచ్చిన మందు పట్టిందో లేదో చూడ్డానికీ అంత సమయం కావాలి. అంటే నిజంగానే వాళ్లకి అప్పటికి తెలియదు. అది తెలిశాక ఆ మాట విన్నప్పుడు గుండె అంతగా జారలేదు.

రెండు మాటలకి మేము అనవసరంగా భయపడ్డాం. డయాలసిస్ అనగానే ఇక జీవితాంతం అనుకున్నాం. సెప్సిస్‌లో దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో మళ్లీ కోలుకుంటాయి. అమ్మకి ఆరుసార్లు చేసి ఆపేశారు. పదకొండో రోజు గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ వేస్తామన్నప్పుడు పిన్ని ఏడ్చేసింది. నోట్లో ట్యూబ్ ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తే అలా మారుస్తారు. దానితో మత్తు తగ్గించడానికి వీలవుతుంది, అవసరం తీరాక తీసేస్తారు, రంధ్రం మూసుకుంటుంది. భయం వేసిన ప్రతి మాటకీ "ఇది శాశ్వతమా, కొన్నాళ్లకా?" అని అడిగేయండి.

ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలనుకుంటే కేస్ సమ్మరీ, స్కాన్ సీడీలు అడగండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నది డాక్టర్ల నియమావళిలోనే ఉంది. మంచి డాక్టర్ దీనికి నొచ్చుకోరు.

లోపలికి వెళ్లినప్పుడు

చేతులు కడుక్కోండి, గాజులూ ఉంగరాలూ తీసేయండి. మనిషి స్పృహలో లేకపోయినా చెవి దగ్గర మాట్లాడండి. ఈరోజు ఏ వారం, ఎక్కడ ఉంది, ఎందుకు చేతులు కట్టారు, ఎవరు వచ్చారు. ఏడవాలనిపిస్తే బయటికి వచ్చి ఏడవండి.

మత్తు తగ్గాక అమ్మ వింతగా ప్రవర్తించింది. పైకప్పు మీద పిల్లులు ఉన్నాయని చేత్తో చూపించేది, రాత్రి సిస్టర్ తనని ఎక్కడికో తీసుకెళ్లిందని వేలితో గాల్లో రాసేది. మెదడు దెబ్బతిందేమోనని మాకు వణుకు. దాన్ని డెలీరియం అంటారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి వస్తుంది, ఎక్కువమందిలో క్రమంగా తగ్గుతుంది. ఇక్కడ ఇంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. కళ్లద్దాలు, వినికిడి మిషన్ ఉంటే పెట్టించండి. పగలు వెలుతురు, రాత్రి చీకటి ఉండేలా అడగండి. పిల్లులు లేవని వాదించకండి, చెయ్యి పట్టుకుని "నేనున్నాను కదా" అంటే చాలు.

తీర్థం సంగతి. మా బాబాయి గుడి నుంచి తీర్థం తెచ్చి చుక్క నోట్లో పోయబోయాడు, సిస్టర్ ఆపింది. గొంతులో ట్యూబ్ ఉన్న మనిషికి, లేదా అప్పుడే తీసిన మనిషికి, చుక్క నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. విభూతి పొట్లమో, తాయెత్తో, ప్రార్థన కాగితమో తలగడ కింద పెట్టుకోనిస్తారా అని అడగండి, చాలాచోట్ల పెట్టుకోనిస్తారు. ఇక ఫలానా ఊళ్లో పసరు పోస్తే మూడు రోజుల్లో లేచి కూర్చున్నారని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. కిడ్నీ, లివర్ అప్పటికే కష్టపడుతున్న ఒంట్లోకి ఏముందో తెలియనిది పంపకండి. దణ్ణం పెట్టి పంపించేయండి.

ఆశని ఏ రోజుకారోజు పెట్టుకోండి

"అమ్మ బతకాలి" అన్నది పెద్ద ఆశ. దాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా మోస్తే నడుం విరుగుతుంది. ఆరో రోజు అక్క పుస్తకంలో పేజీ పైన ఒక వాక్యం రాసింది: "ఈరోజు ఆక్సిజన్ 70 కంటే తగ్గాలి." ఆ రోజు తగ్గలేదు. మర్నాడు మళ్లీ అదే రాసింది. ఎనిమిదో రోజు 65 అయింది, ఆ సాయంత్రం క్యాంటీన్‌లో ఆరుగురం టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు తిన్నాం. తర్వాత "బీపీ మందు ఆగాలి", "కళ్లు తెరవాలి", "కుర్చీలో అయిదు నిమిషాలు కూర్చోవాలి". ప్రతి రోజుకీ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పినదాంట్లోంచి తీసుకున్నదే. డాక్టర్ అసలు అనని దాని మీద ఆశ పెట్టుకుంటే అది సాయంత్రానికే పడిపోతుంది.

పన్నెండో రోజు పేజీలో "పిలిస్తే పలకాలి" అని ఉంది. అక్క లోపలికి వెళ్లి గుడి గురించి, మనవరాలి గురించి అన్నీ చెప్పింది, అమ్మలో కదలిక లేదు. చివరికి "అమ్మా, పాలాయన లీటరుకి రెండు రూపాయలు పెంచాడు" అంది. అమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. సిస్టర్ కూడా చూసి నవ్వేసింది. మీ మనిషికి ఏది పట్టింపో అదే మాట్లాడండి.

మొక్కులు మొక్కుకోండి, ఎవరి నమ్మకం వాళ్లది. నాన్న కొమురవెల్లి మల్లన్నకి మొక్కారు, పక్క బెడ్ వాళ్లు దర్గాకి వెళ్లొచ్చారు, ఎదురు వరసలో ఒకామె రోజంతా బైబిల్ చదివేది. ఖర్చుతో కూడిన మొక్కులు మాత్రం ఇంటికి వెళ్లాక తీర్చేలా మొక్కండి. నలభై వేలు పెట్టి హోమం చేయిద్దామని మామయ్య అంటే నాన్న అన్నమాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం: "దేవుడైతే అప్పు ఉంచుకుంటాడయ్యా, ఫార్మసీవాడు ఉంచుకోడు."

ఫోన్లు, పరామర్శలు, పిల్లలు

తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వెంటిలేటర్ సంగతి వాడికి రెండు రోజులు చెప్పలేదు, టెన్షన్ పడతాడని. మామయ్య వాట్సాప్ స్టేటస్‌లో "అక్క కోసం ప్రార్థించండి" అని పెడితే చూసి తెలుసుకున్నాడు. ఆ రోజు ఫోన్‌లో వాడు అరిచిన అరుపు న్యాయమైనదే. దూరంగా ఉన్నవాళ్లకి నిజం దాచకండి. రోజూ రాత్రి 8 గంటలకి ఒక మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాం. నాలుగు అంకెలు, డాక్టర్ అన్న ఒక మాట, రేపటి ఆశ. అక్కడ వాడికి పొద్దున తొమ్మిదిన్నర, చూసుకుని ఆఫీసుకి వెళ్లేవాడు. చుట్టాలందరికీ అదే మెసేజ్. రోజుకి నలభై ఫోన్లు ఆరుకి వచ్చాయి.

వాడు రావాలా వద్దా అన్నది ఇంకో తలనొప్పి. వస్తే వీసా స్టాంపింగ్ భయం, రాకపోతే జన్మంతా బాధ. అక్క డాక్టర్ని సూటిగా అడిగింది: "మీ అమ్మగారైతే మీ తమ్ముణ్ని ఇప్పుడు రమ్మంటారా?" ఆయన ఒక నిమిషం ఆగి, "రమ్మంటాను" అన్నారు. అన్ని రోజుల్లో మాకు దొరికిన సూటి జవాబు అదే. ఆ మాట తర్వాత మూడో రోజుకి వాడు దిగాడు. మీకు పరిస్థితి ఎంత తీవ్రమో తెలియకపోతే ఈ ప్రశ్న అడిగి చూడండి.

పరామర్శకి వచ్చేవాళ్లు యాపిల్ పళ్లతో పాటు, ఇదే జబ్బుతో పోయిన తమ బావమరిది కథ కూడా తెస్తారు. చెడ్డవాళ్లు కారు, ఏం మాట్లాడాలో తెలియక. వాళ్లకి పని చెప్పండి. ఒక పూట క్యారియర్ తెమ్మనండి, నాన్నని స్నానానికి ఇంటికి తీసుకెళ్లమనండి, లేదా రక్తం ఇమ్మనండి. రక్తం ఇచ్చేవాళ్లకి 18 ఏళ్లు నిండాలి, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలవుంటాయి కాబట్టి అందరినీ ఒకే రోజు పిలవకండి, ఎప్పుడు ఎవరో రాసుకోండి.

మా పాప వయసు ఏడేళ్లు. నానమ్మ ఊరెళ్లిందని చెప్పాం. నాలుగో రోజు, "ఊరెళ్తే ఫోన్ ఎందుకు ఎత్తట్లేదు?" అంది. అప్పుడు నిజం చెప్పాం: నానమ్మకి ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది, ఒక మిషన్ సాయం చేస్తోంది, డాక్టర్లు చూస్తున్నారు, ఏమవుతుందో ఇంకా తెలియదు. అది ఒక బొమ్మ వేసి ఇచ్చింది, సిస్టర్ దాన్ని మంచం కడ్డీకి అంటించింది.

మీ మందులు మీరు వేసుకోండి

నాన్నకి షుగర్. అయిదో రోజు మారే హడావిడిలో మాత్రలు మూడు పూటలు మర్చిపోయారు, హాల్లోనే కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. చూస్తే 380. ఆ తర్వాత ఆయన మాత్రల డబ్బా పిన్ని సంచిలోకి మారింది. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు పగలు తప్పకుండా పడుకోవాలి, పక్కన ఉండట్లేదని ఎవరూ ఎత్తి చూపకూడదు. నిద్ర పట్టక, ఏడుపు ఆగక, తల పగిలిపోతున్నట్టు ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వానిది, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

కోలుకోవడం లేదని చెప్పినప్పుడు

రాయడం కష్టంగానే ఉంది, కానీ కొందరికి కావాల్సింది ఈ భాగమే. మా పక్క బెడ్ పెద్దాయన విషయంలో ఇదే జరిగింది.

"ఇక లాభం లేదు, తీసుకెళ్లండి" అని ఎవరైనా అంటే, నిలబడి వినకండి. కూర్చుని మాట్లాడే సమయం అడగండి. ఈ వైద్యం ఇంకా ఎన్ని రోజులు చేసి చూద్దాం, ఆ లోపు ఏం మారితే కొనసాగిద్దాం, మారకపోతే ఏం చేద్దాం అని గడువు పెట్టుకోండి. ఇంట్లో కూడా ఒక ప్రశ్న వేసుకోండి: తను మాట్లాడగలిగితే ఏమనేది? మనకేం కావాలన్నది వేరే ప్రశ్న, చాలా ఇళ్లలో రెండూ కలిసిపోయి అన్నదమ్ముల మధ్య గొడవ అవుతుంది. ప్రాణాన్ని పొడిగించడానికి మాత్రమే ఉన్న మిషన్లు వద్దనుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని కాస్త సులువు చేసింది. దానికి డాక్టర్ల బోర్డులు, కాగితాలు ఉంటాయి, ఆసుపత్రిలో అడగండి.

మిషన్ వద్దనుకుంటే వైద్యం ఆగిపోయినట్టు కాదు. నొప్పి, ఆయాసం లేకుండా చూసే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉంది, స్పర్శ్ హాస్పిస్ ఉంది. పక్క బెడ్ వాళ్లు ఆయన్ని గదిలోకి మార్పించుకున్నారు. ముగ్గురు కొడుకులూ, కూతురూ చేతులూ కాళ్లూ పట్టుకుని కూర్చున్నారు. కూతురు నాతో అంది, "నిన్నటిదాకా బతకాలని మొక్కాను అన్నా, ఈరోజు ఆయాసపడకూడదని మొక్కుతున్నా." రెండో మొక్కు తీరింది.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ అనగానే అయిపోయిందనుకున్నాం. అమ్మకి గ్లాసు ఎత్తే బలం లేదు. ఐసీయూలో పడుకున్న కొద్ది రోజుల్లోనే కండ కరిగిపోతుంది, అది తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఫిజియోథెరపీ వ్యాయామాలు వీడియో తీసుకుని ఇంటికి రండి. మంచం మీదే ఉంటే రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, లేకపోతే పుండ్లు పడతాయి. ఏది మింగొచ్చో డాక్టర్ చెప్పేదాకా నీళ్లు కూడా మీ ఇష్టానికి పట్టకండి. రాత్రుళ్లు ఉలిక్కిపడడం, మతిమరుపు, చిన్నదానికే ఏడవడం ఉంటాయి. అది మొండితనమని విసుక్కోకండి, ఐసీయూ నుంచి వచ్చినవాళ్లలో తరచూ కనిపించేదే. తగ్గకపోతే తిరిగి చూపించేటప్పుడు చెప్పండి. మళ్లీ జ్వరం, చలి, తికమకగా మాట్లాడడం, మూత్రం తగ్గడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

మేము పుస్తకంలో రాయడం ఆపలేదు. ఎన్ని అడుగులు నడిచింది, ఎన్ని ముద్దలు తింది, ఏ మాత్ర ఎప్పుడు అని. వచ్చిన నెలా పది రోజులకి పుస్తకం మంచం పక్కన కనపడలేదు. వెతికితే అమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని అది ఒళ్లో పెట్టుకుని ఉంది. మా గళ్లూ అంకెలూ దాటుకుని వెనక పేజీ తీసి, వంకరటింకర అక్షరాలతో రాస్తోంది: "సోమ, లీటరు. మంగళ, లీటరు." ఎదురుగా పాలాయన నిలబడి తల గోక్కుంటున్నాడు. నన్ను చూసి అమ్మ అడిగింది, "రెండు రూపాయలు పెంచాడన్నది నిజమేనా?"